సరిహద్దు నేల మీద చదువరి: జహీరాబాదు ప్రాంతపు పఠన చరిత్ర

హైదరాబాదు నుంచి ముంబాయికి పోయే జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న జహీరాబాదు నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందిన పట్టణమే అయినా, 1956 నవంబరు 1కి ముందు అది హైదరాబాదు రాజ్యంలోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. ఈ ఒక్క పరిపాలనా వాస్తవం అక్కడి చదువరుల చరిత్రను చాలావరకు నిర్ణయించింది. కచేరీలో ఉర్దూ, పొలంలోనూ సంతలోనూ తెలుగు, లింగాయత మఠాలలో కన్నడం, వార్కరీ భక్తుల భజనలలో మరాఠీ వినిపించే ఈ నేల మీద పుస్తకం పట్టుకున్న ప్రతి మనిషీ మొదట తేల్చుకోవలసింది ఏ పుస్తకం చదవాలన్నది కాదు, ఏ లిపిలో చదవాలన్నది. తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్రను రాసినవారు కృష్ణా, గుంటూరు మండలాల గురించీ, హైదరాబాదు, హనుమకొండల గురించీ విస్తారంగా రాశారు. సరిహద్దు తాలూకాల వైపు వారి చూపు అంతగా మళ్లలేదు. అయితే ఒక భాష చదువరికి ఇరుగుపొరుగు భాషలతో ఉండే సంబంధం ఎలాంటిదో, ఆ సంబంధం తెగితే ఏమి పోతుందో తెలుసుకోవడానికి ఇలాంటి తాలూకాలే సరైన ఆధారాలు.

ఈ ప్రాంతపు పుస్తక చరిత్ర జహీరాబాదుకు సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న బీదరులో మొదలవుతుంది. బహమనీ సుల్తానులు పదిహేనో శతాబ్దపు తొలి భాగంలో గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు మార్చారు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి ఆ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో అక్కడ ఒక మదరసాను, అంటే ఉన్నత విద్యాలయాన్ని కట్టించాడు. మూడంతస్తుల ఆ కట్టడంలో పండితులకూ విద్యార్థులకూ నివాసపు గదులు, మసీదు, బోధనశాలలతో పాటు ఒక గ్రంథాలయం ఉండేదనీ, అందులో మూడు వేల రాతప్రతులు ఉండేవనీ చరిత్రకారులు చెబుతారు. ఒక్కో ప్రతినీ లేఖకుడు చేత్తో రాయవలసిన కాలంలో అది చిన్న సంఖ్య కాదు. గవాన్ 1481లో దర్బారు కుట్రకు బలై సుల్తాను ఆజ్ఞతో శిరశ్ఛేదానికి గురయ్యాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు, మొగలుల ఏలుబడిలో, 1696లో జరిగిన పేలుడులో మదరసా ముఖభాగం, ఒక మీనారు కూలిపోయాయి. పుస్తకాలు ఏమయ్యాయన్న ప్రశ్నకు నేడు అక్కడ జవాబు లేదు. రంగుల పింగాణీ పలకలు అతికించిన గోడలూ మిగిలిన మీనారూ మాత్రమే నిలిచి ఉన్నాయి.

దక్కనీ ఉర్దూలో మనకు దొరికిన తొలి కథాకావ్యంగా పండితులు భావించే ‘కదమ్‌రావ్ పదమ్‌రావ్’ ఈ బీదరులోనే, అహమద్‌షా బహమనీ కాలంలో, ఫఖ్రుద్దీన్ నిజామీ చేతిలో పుట్టింది. దక్కనీ అనేది ఉత్తరాది నుంచి దిగివచ్చిన పలుకుబడి దక్షిణాది భాషల మధ్య స్థిరపడి ఏర్పడిన భాష. మరాఠీ, కన్నడ, తెలుగు భాషల నీడ దాని మాటల మీద పడింది. ఆ కావ్యానికి తెలిసిన రాతప్రతి ఒక్కటే, అది కూడా కరాచీకి చేరి అక్కడే పరిష్కరణ పొంది అచ్చయింది. బీదరు, జహీరాబాదు వీధులలో నేటికీ మాట్లాడే భాషకు మూలమైన కావ్యం ఆ వీధుల్లో ఎవరికీ చేతికందకుండా పోవడం ఈ ప్రాంతపు పఠన చరిత్రలోని మొదటి పెద్ద నష్టం.

రాతప్రతుల లోకం దర్బారుకూ మదరసాకూ పరిమితమైనప్పటికీ, గ్రామాలు పుస్తకానికి పూర్తిగా దూరంగా లేవు. అక్షరం తెలిసిన ఒక్కడు చదువుతుంటే ఊరు ఊరంతా కూర్చొని వినే పురాణ కాలక్షేపం దక్కను అంతటా ఉన్నట్లే ఇక్కడా ఉండేది. ఈ సరిహద్దులో ఆ సంప్రదాయానికి ఒక ప్రత్యేకమైన బలం ఉంది. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు మంత్రిగా ఉండి శివభక్తులైన శరణుల ఉద్యమాన్ని నడిపిన కల్యాణ పట్టణం, అంటే నేటి బసవకల్యాణ, ఈ బీదరు జిల్లాలోనిదే. శరణులు మాట్లాడే కన్నడంలో చెప్పిన చిన్న చిన్న గద్యఖండికలైన వచనాలను తాటాకుల మీద రాసి మఠాలు కాపాడుకున్నాయి. అవి సామాన్య చదువరికి అందినది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, విజాపురానికి చెందిన న్యాయవాది ఫ.గు. హళకట్టి ఊరూరా తిరిగి తాటాకులు సేకరించి, 1923లో ‘వచనశాస్త్రసార’ మొదటి భాగాన్ని వెలువరించి, తర్వాత సొంత ముద్రణాలయం పెట్టి సంపుటాల మీద సంపుటాలు అచ్చువేసిన తర్వాతనే. తెలుగులో అదే శరణుల కథను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో ‘బసవపురాణం’గా చెప్పాడు. ఒకే మహాపురుషుడి చరిత్రను కన్నడ వచనంగా చదివే ఇల్లూ, తెలుగు ద్విపదగా వినే ఇల్లూ ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉండగలవు. రెండు సాహిత్య చరిత్రల పుస్తకాలలో వేరువేరు అధ్యాయాలుగా కనిపించేది ఇక్కడ ఒకే వాడలో కలిసి ఉంటుంది.

అసఫ్‌జాహీల, అంటే హైదరాబాదు నిజాముల, పాలనలో చదువుకు అర్థం మారింది. 1880వ దశకంలో పారసీకాన్ని తొలగించి ఉర్దూను రాజభాష చేసిన తర్వాత కచేరీ కాగితం, కోర్టు తీర్పు, రెవెన్యూ రికార్డు, పై తరగతుల బోధన క్రమంగా ఉర్దూలోకి వెళ్లాయి. 1917లో అనువాద సంస్థ అయిన దారుల్ తర్జుమా, ఆ మరుసటి సంవత్సరం ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. భౌతిక, రసాయన, న్యాయ, వైద్య శాస్త్రాలను ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయిలో చెప్పడం ఎంత గొప్ప సాహసమో, ఆ భాష రాజ్యంలోని అత్యధిక ప్రజల ఇంటి భాష కాకపోవడం అంత పెద్ద లోపం. బీదరు జిల్లాలో దీనికి మరో అడ్డంకి కూడా తోడైంది. ఆ జిల్లాలో విస్తారమైన భూమి పైగా జాగీర్ల కింద ఉండేది. పైగాలు అంటే నిజాముతో వియ్యమందిన, సైన్య పోషణకోసం భూములు పొందిన అగ్రశ్రేణి అమీరుల వంశాలు. వారి ఇలాకాలకు సొంత పరిపాలన యంత్రాంగం ఉండేది. 1949లో జాగీర్ల రద్దు చట్టం వచ్చేదాకా బడి పెట్టాలన్నా, సభ జరపాలన్నా రైతు బిడ్డ ఒక ప్రభుత్వాన్ని కాక రెండు ప్రభుత్వాలను దాటవలసి వచ్చేది.

రాజధానిలో పుస్తకాలకు లోటు లేదు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో స్థాపించిన ఆసఫియా కుతుబ్‌ఖానా, అంటే ప్రభుత్వ గ్రంథాలయం, అరబ్బీ, పారసీక, ఉర్దూ రాతప్రతులకు దేశంలోనే పేరెన్నికగన్నది. 1936లో అది మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని గొప్ప భవనంలోకి మారింది. అయితే 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాజ్యంలో అక్షరాస్యులు పది శాతానికి లోపే. రాజధానిలో ఒక మహాగ్రంథాలయం, జిల్లాలలో చదవడం రాని నూటికి తొంభై మంది: ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూరించాలని బయలుదేరిందే గ్రంథాలయోద్యమం.

ఆ ఉద్యమం తెలుగువారితో మొదలై తెలుగువారితో ముగిసినట్లు చెప్పడం అలవాటుగా మారింది గాని, హైదరాబాదులో దాని తొలి అడుగులు మరాఠీ చదువరులవి. శాలిబండలో 1895లో ఏర్పడిన భారత గుణవర్ధక్ సంస్థ అప్పటికే పుస్తకాలు, పత్రికలు తెప్పించి సభ్యులకు చదవనిస్తూ ఉండేది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రారంభమైంది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు దాని వెనుక ఉన్న ముఖ్యులు. ఈ లక్ష్మణరావు ఎలాంటి చదువరి అన్నది ఇక్కడ జ్ఞాపకం చేసుకోవలసిన విషయం. ఆయన అక్క భండారు అచ్చమాంబ వద్ద నాగపూరులో ఉండి మరాఠీ మాధ్యమపు లోకంలో చదువుకున్నాడు. తెలుగులో రాయడానికి ముందే మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాశాడు. మరాఠీలో చరిత్ర పరిశోధన, విజ్ఞాన గ్రంథ ప్రచురణ ఎంత ముందుకు వెళ్లాయో కళ్లారా చూసినందువల్లనే తెలుగులో ఏమి లేదో ఆయనకు అంత స్పష్టంగా కనిపించింది. బడికి పోయే అవకాశమే లేని అచ్చమాంబ తమ్ముడి పక్కన కూర్చొని తెలుగు, హిందీ నేర్చి, మరాఠీ తదితర భాషల పుస్తకాలు కూడా చదువుకొని, భారతీయ స్త్రీల జీవితాలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చింది, తెలుగులో తొలి కథకుల వరుసలో నిలిచింది. 1905లో ముప్ఫై ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసేనాటికి తెలుగు స్త్రీ చదువరికి ఒక తోవ ఏర్పడింది. ఈ అక్కాతమ్ముళ్లిద్దరూ తెలుగు పఠనానికి చేసిన మేలు వేరే భాష ద్వారా సంపాదించుకున్నది. జహీరాబాదు వంటి సరిహద్దు ఊళ్ల చదువరికి ఈ సంగతి అన్నిటికంటె దగ్గరిది.

తర్వాతి విస్తరణ తెలిసినదే. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, విజ్ఞాన గ్రంథాలను చందాదారులకు పంపింది. అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన అధ్యక్షుడి జీవితాన్ని నిజాం రాజ్యంలోని చదువరి తెలుగులో చదవగలగడం ఆ రోజులలో చిన్న మాట కాదు.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు గేలిచేయడం, ఆ అవమానం నుంచి ఆంధ్రజన సంఘం పుట్టడం, మాడపాటి హనుమంతరావు దాన్ని గ్రామాల దాకా తీసుకుపోవడం తెలంగాణ చరిత్రలో ముఖ్య ఘట్టాలు. సంఘం పెట్టుకున్న పనులలో గ్రంథాలయాలు, పఠనమందిరాలు స్థాపించడం మొదటి వరుసలోది. ప్రభుత్వం దీన్ని అనుమానంతోనే చూసింది. ఖానగీ బడులు, అంటే ప్రైవేటు పాఠశాలలు, అనుమతి లేకుండా నడపకూడదన్నారు. 53వ నంబరు గస్తీ నిషాన్, అంటే అధికారులందరికీ తిప్పే ఉత్తరువు, ముందస్తు అనుమతి లేని సభలను నిషేధించింది. పుస్తకాలు చదివే చోట మనుషులు గుమిగూడుతారు, గుమిగూడినవాళ్లు మాట్లాడుకుంటారు. ప్రభుత్వం భయపడింది ఆ మాటలకే. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది.

జోగిపేట జహీరాబాదుకు దూరమేమీ కాదు. అయినా ఆ రెంటి మధ్య ఒక గీత ఉంది. నాటి హైదరాబాదు రాజ్యంలోని పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి అని లెక్క. రాయచూరు, గుల్బర్గాలతో పాటు బీదరు కన్నడ జిల్లాల లెక్కలోకి వెళ్లింది. ఆంధ్ర మహాసభ తెలుగు జిల్లాలలో, మహారాష్ట్ర పరిషత్తు మరాఠీ జిల్లాలలో, కర్ణాటక పరిషత్తు కన్నడ జిల్లాలలో పనిచేశాయి. సొంత భాష కోసం పోరాడవలసిన ఆ కాలంలో ఇలా కాక మరోలా జరగడం కష్టమే. కానీ జిల్లా పేరును బట్టి భాషను నిర్ణయించినప్పుడు కన్నడ జిల్లాలోని తెలుగు తాలూకా ఎవరికీ ముఖ్యమైన చోటు కాలేకపోతుంది. భాషాభిమానం నడిపిన గ్రంథాలయోద్యమం నడుమ జిల్లాలలో బలంగా వేళ్లూనుకొని, భాషలు కలిసే అంచులలో పలచబడిందన్నది ఈ చరిత్రను చూసినవారు కాదనలేని నిర్ధారణ. చదవాలన్న కోరిక అంచులలో తక్కువ కాదు. ఆ కోరికను ఒక సంఘంగా నిలబెట్టగల ఏక భాషాబలం అక్కడ లేకపోయింది, అంతే.

సంస్థలు చేరని చోటికి మనుషులు నడిచి వెళ్లారు. నల్లగొండ జిల్లా పేద కుటుంబంలో పుట్టి, ఇళ్లలో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తానే మోసుకొని ఇంటింటికీ, ఊరూరికీ తిరిగి అమ్మాడు. అచ్చువేయడంతో ప్రచురణకర్త పని అయిపోతుందని ఆయన అనుకోలేదు. పుస్తకం చదువరి చేతిలో పడినప్పుడే ఆ పని పూర్తవుతుందని నమ్మాడు. కె.సి. గుప్త నడిపిన అణా గ్రంథమాల, రూపాయిలో పదహారో వంతుకే పుస్తకం ఇవ్వాలన్న పట్టుదలతో సాగింది. అదే కాలంలో కోస్తాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకొని పల్లెలకు చేర్చాడు. కృష్ణా కాలువ లేని మెట్టసీమలో పడవ స్థానాన్ని మనిషి భుజమే తీసుకోవలసి వచ్చింది. తర్వాత నవలాకారుడిగా ‘ప్రజల మనిషి’ రాసిన ఆళ్వారుస్వామి 1961లో మరణించాడు. తెలంగాణ పఠన చరిత్రలో ఆయనంత చదువరి పక్షపాతి మరొకరు లేరు.

ఉర్దూ బోధన తెలుగు పిల్లలకు బరువే అయినా, దాని మరో ముఖాన్ని కూడా న్యాయంగా చూడాలి. ఆ బళ్లలో చదివిన తరం రెండు మూడు లిపులలో సాహిత్యాన్ని ఇష్టంగా చదివే తరంగా ఎదిగింది. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి తెలుగు కవిత్వానికి గజల్ రుచి చూపి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నాడు. పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి, హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చాడు. మరాఠీ సరిహద్దున ఆదిలాబాదు జిల్లాలో జీవించిన సామల సదాశివ ఉర్దూ, పారసీక సాహిత్యాలనూ హిందుస్తానీ సంగీతాన్నీ తెలుగు చదువరికి ఇంటి ముచ్చట్లంత దగ్గరగా తెచ్చి, ‘స్వరలయలు’కు 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. జహీరాబాదు వంటి ఊరు ఎలాంటి చదువరిని పెంచగలదో తెలుసుకోవాలంటే చూడవలసింది సదాశివ వైపే. మరో దృష్టాంతం కూడా గమనించదగ్గది. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ని తెలుగులో తీశాడు. 1980లో విడుదలైన ఆ చిత్రం మెదకు జిల్లాలోని మంగళపర్తిలో చిత్రీకరణ జరుపుకుంది. తెలుగు రైతు కథ ఉర్దూ అచ్చులోంచి తిరిగి తెలుగు పల్లెకు చేరిన ఈ ప్రయాణం భాషల మధ్య తలుపులు తెరిచి ఉన్నప్పుడే సాధ్యం.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బీదరు జిల్లాను మూడు ముక్కలు చేసింది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు వైపు భాగం మైసూరు రాష్ట్రానికి, ఉద్గిరు వైపు భాగం నాటి బొంబాయి రాష్ట్రానికి, జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాకు వెళ్లాయి. తెలుగు రైతుకు తన భాషలో పరిపాలన, తన పిల్లలకు తన భాషలో బడి దొరకడం ఎన్నాళ్లగానో కోరుకున్న న్యాయం. గ్రంథాలయాలకు కూడా చట్టబద్ధమైన పునాది ఏర్పడింది. స్వతంత్ర భారతదేశంలో 1948 నాటి మద్రాసు చట్టం తర్వాత వచ్చిన రెండో గ్రంథాలయ చట్టం 1955 నాటి హైదరాబాదు చట్టమే. ఈ రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చి జిల్లా గ్రంథాలయ సంస్థలను ఏర్పరచింది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. ఇల్లున్న ప్రతివాడూ, అక్షరం రానివాడు సహా, ఊరి పుస్తకాల కోసం కొంత చెల్లిస్తున్నాడన్న మాట. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయాలకు జమచేయకపోవడం దశాబ్దాలుగా వినవస్తున్న ఫిర్యాదు. పేదవాడు కట్టిన పుస్తకాల పైసను మరో ఖర్చుకు మళ్లించడం కంటె చిన్నబుద్ధి మరొకటి ఉండదు.

కొత్త సరిహద్దు ఒక హక్కు ఇస్తూ ఒక అలవాటును తీసుకుపోయింది. బీదరు వేరే రాష్ట్రంలోని ఊరు కావడంతో కన్నడ పుస్తకం బెంగళూరు నుంచి బీదరు దాకా వచ్చి ఆగిపోవడం, తెలుగు పుస్తకం విజయవాడ, హైదరాబాదుల నుంచి జహీరాబాదు దాకా వచ్చి ఆగిపోవడం సహజమైంది. ఉర్దూ చదవగల హిందూ కుటుంబాలు ఒక తరంలోనే అరుదైపోయాయి. తాత రాసుకున్న కాగితాన్ని మనవడు చదవలేని ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. అక్కడి ముస్లిం పిల్లలు ఉర్దూలో చదివితే తెలుగు కచేరీకి, తెలుగులో చదివితే ఇంటి పుస్తకాలకు దూరమయ్యే ఇరకాటంలో పడ్డారు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసినా, చట్టం భాషకు హోదా ఇవ్వగలదు గాని చదువరులను తయారుచేయలేదు.

1960ల నుంచి 1980ల దాకా తెలుగు పట్టణాలన్నిటా చదువుకు ఊపిరి పోసినవి వారపత్రికలు, అద్దె పుస్తకాల దుకాణాలు. రోజుకు కొద్ది పైసలిచ్చి యద్దనపూడి, యండమూరి నవలలు తెచ్చుకొని రాత్రికి రాత్రే చదివి పొద్దున్నే అప్పగించిన గృహిణులు, విద్యార్థులు నాటి తెలుగు పఠనానికి వెన్నెముక. వారి రుచిని పండితులు తక్కువ చేసి మాట్లాడారు గాని, అంత విస్తారమైన స్త్రీ పాఠకలోకం తెలుగులో అంతకుముందు ఎన్నడూ లేదు. 1980లో మొదలైన హైదరాబాదు బుక్ ట్రస్టు చవక ధరకు గంభీరమైన పుస్తకాలు ఇవ్వాలని పూనుకొని, అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేత ‘ఏడు తరాలు’గా సంక్షిప్తంగా తెలుగు చేయించింది. ఆఫ్రికా నుంచి అపహరణకు గురైన బానిస వంశకథ తెలుగు పల్లె యువకుల చేతుల్లో ఎడతెగకుండా తిరిగిన పుస్తకంగా నిలిచింది.

జహీరాబాదు తాలూకా మాత్రం పఠన చరిత్రకు తనదైన అధ్యాయాన్ని చేర్చింది, అది చదవడం రానివారి అధ్యాయం. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అంటే డీడీఎస్, పస్తాపూరు కేంద్రంగా ఈ ప్రాంతపు దళిత, పేద మహిళల సంఘాలతో పనిచేసింది. మైసూరుకు చెందిన కన్నడిగుడు, దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ దాని స్థాపకులలో ముఖ్యుడు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశాడు. జొన్న, సజ్జ, కొర్ర, సామ వంటి చిరుధాన్యాల విత్తనాలను దాచి పంచుకునే ఆ మహిళలలో చాలామందికి అక్షరాలు రావు. అయినా వారు కెమెరా పట్టి చిత్రాలు తీశారు. 2006లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో నడిపే అనుమతి ఇచ్చిన తర్వాత, 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియోను ప్రారంభించారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు రాసిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.బి. సావంత్ స్వయంగా దానిని ప్రారంభించారు. పంటల తీరు, పండుగ పాటలు, మందు మొక్కల గుణాలు అక్కడి యాసలోనే ఆ రేడియోలో పలికాయి. గ్రంథాలయం చేసే పని, అంటే ఒక తరం తెలివిని భద్రపరచి మరో తరానికి అందించడం, పుస్తకం లేకుండానే అక్కడ జరిగింది. దీన్ని పుస్తకానికి పోటీగా చూడడం తప్పు. పురాణ కాలక్షేపంలో విని నేర్చిన ఊరికి రేడియో కొత్త కాదు, రేడియోలో వినవచ్చిన తెలివిని పుస్తకంగా అచ్చువేయవలసిన బాధ్యత మాత్రం చదువుకున్నవారిది.

ఇటీవలి పుస్తకాలు కూడా సరిహద్దు చదువరి విలువను తిరిగి గుర్తుచేస్తున్నాయి. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి పొందిన ‘హార్ట్ ల్యాంప్’ కథలను బాను ముష్తాక్ కన్నడంలో రాసింది, దీపా భాస్తి ఇంగ్లీషు చేసింది. దక్షిణ కర్ణాటక ముస్లిం స్త్రీల జీవితాలు, దక్కనీ పలుకుబడి నిండిన కన్నడ కథలు అవి. బీదరులోనో జహీరాబాదులోనో పుట్టిన చదువరికి ఆ ఇళ్లు, ఆ మాటలు ఎవరూ వివరించకుండానే తెలుస్తాయి. అలాగే హైదరాబాదు పతనమవుతున్న నవాబీ ఇళ్లను జీలానీ బానో ఉర్దూలో ‘ఐవానె గజల్’గా రాసినప్పుడు ఆ నవల తెలంగాణ సాహిత్యం కూడా. ఇప్పుడు ఉర్దూ పుస్తకాలు రేఖ్తా వంటి వెబ్‌సైట్లలో, పాత తెలుగు గ్రంథాలు డిజిటల్ గ్రంథాలయాలలో చేతి ఫోనులోనే ఉచితంగా దొరుకుతున్నాయి. లోటు పుస్తకాలది కాదు, ఆ లిపులు నేర్పి ఆ పుస్తకాల వైపు నడిపించే చోటుది.

నేడు తెలంగాణలోని శాఖా గ్రంథాలయాలలో కుర్చీలు నింపుతున్నది ఎక్కువగా ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చొనే చోటు లేని పిల్లలకు ఆ గది పెద్ద ఆసరా. వారి పక్కన మరో నాలుగు బీరువాలకు చోటు కల్పించడం మాత్రం అసాధ్యం కాదు: తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ పుస్తకాలకు ఒక్కొక్కటి, వాటి మధ్య అనువాదాలు, మాచనూరు మహిళల పాటలూ మాటలూ అచ్చులోకి వచ్చినప్పుడు వాటికీ చోటు. జహీరాబాదు ప్రజలు ఇంటి పన్నుతో పాటు కట్టే పుస్తకాల పైసను వారి గ్రంథాలయానికే, వారి నాలుగు లిపులకూ ఖర్చుచేయాలని జిల్లా గ్రంథాలయ సంస్థనూ ప్రభుత్వాన్నీ అక్కడి చదువరులు గట్టిగా అడగాలి.